లెక్కకు రాని నిర్వాసితులు

2022వ సంవత్సరము జూలై నెలలో భద్రాచలమువద్ద గోదావరి 71.3 అడుగుల మట్టమునకు ఎగసి, మూడవ ప్రమాద హెచ్చరికకు గుర్తైన 53 అడుగుల గీతను ఎన్నడో దాటిపోయి, 1986వ సంవత్సరపు 75.6 అడుగుల వరదను కన్నులార చూచిన వృద్ధులకు సైతము గుండె జల్లుమనునట్లు చేసినప్పుడు, ఏటిగట్టు పల్లెల జనులు పసిబిడ్డలను చంకనెత్తుకొని, బియ్యపు మూటలను తలకెత్తుకొని, గొడ్డుగోదలను తోలుకొని గుట్టలమీదికిని మెట్టనున్న బడులలోనికిని చేరిరి. గోదావరి ఉరవడికి శబరి వెనుకకు తన్ని, రెండు నదులును కలియు కూనవరము పరిసరములు నీటిపాలయ్యెను. నిరాశ్రయులకొరకు శిబిరములు వెలసెను. అన్నపు పొట్లములు, టార్పాలిన్లు పంచబడెను. నష్టపోయినవారి జాబితాలు వ్రాయబడెను. ఆ సహాయము చాలినదా, సకాలమున అందినదా యనునవి చర్చింపదగిన ప్రశ్నలే. అయినను ఒక్క విషయము నిర్వివాదము: ఈ జనులు ఇల్లు కోల్పోయిరని ప్రభుత్వము అంగీకరించెను, వారి పేర్లు ఒక కాగితముమీదికి ఎక్కెను.

అదే మన్యమున, ఆ గట్టుకు కొలది క్రోసుల దూరముననున్న అడవులలో, ఆ వరదకు పదునేడేండ్ల ముందునుండియే ఇల్లు కోల్పోయి జీవించుచున్న మరియొక జనసమూహము కలదు. వారు నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు సుకుమా, బీజాపూరు, దంతేవాడ జిల్లాలనుండి ప్రాణభీతితో తరలివచ్చిన ఆదివాసులు. మనవారు గొత్తికోయలని వ్యవహరించుచున్నవారు. వారిని నిరాశ్రయులను చేసినది వరద కాదు, సాయుధ సంఘర్షణ. ఈ ఒక్క భేదముచేత వారికొరకు శిబిరము వెలయలేదు, జాబితా వ్రాయబడలేదు, పునరావాసమను మాట ఆచరణలోనికి రాలేదు. ఆకలికిని జ్వరమునకును చలికిని కారణభేదము లేనప్పుడు, వానిని తీర్చవలసిన రాజ్యము మాత్రము కారణమును విచారించి ఒకరిని బాధితులనియు మరియొకరిని ఆక్రమణదారులనియు విభజించుట న్యాయము కాదని చెప్పుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

జరిగిన కథను సంగ్రహముగా స్మరింపవలసియున్నది. 2005వ సంవత్సరము జూన్ మాసమున, నాటి దంతేవాడ జిల్లాలో అంతర్భాగమైన బీజాపూరు ప్రాంతమున, మావోయిస్టులను ఎదుర్కొనుటకని సల్వాజుడుం అను ఉద్యమము ఆరంభమై, ప్రభుత్వపు అండతో బలపడి, గ్రామస్థులను రహదారుల ప్రక్కనున్న శిబిరములకు తరలింపజొచ్చెను. శిబిరమునకు పోనివారిపై మావోయిస్టులను ముద్రయు, పోయినవారిపై ప్రభుత్వపు మనుష్యులను ముద్రయు పడుచుండగా, ఇండ్లు తగులబడి, గాదెలలోని ధాన్యము బూడిదయై, రెండు తుపాకుల నడుమ నలిగిన వేలాది కుటుంబములు అడవిదారులవెంట నడిచి ఉమ్మడి ఆంధ్రప్రదేశములోని ఖమ్మము, వరంగల్లు జిల్లాల అరణ్యములను చేరెను. ఆరువందలకు పైబడిన గ్రామములు ఆ కల్లోలమునకు లోనైనవి. ఇటు వచ్చినవారు ముప్పదివేలని కొందరును ఏబదివేలని కొందరును అంచనా వేసిరి. రెండు అంచనాల నడుమ ఇరువదివేల అంతరమున్నదనగా, అన్ని ప్రాణములు ఎవరి లెక్కకును అందలేదని గ్రహింపవలయును. 2011వ సంవత్సరము జూలై 5వ తేదీన సుప్రీంకోర్టు, చదువు సంధ్యలు లేని ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి, ఆయుధములిచ్చి ఈ పోరునకు దింపుట రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పెను. అన్యాయము అన్యాయమని తేలినది. ఆ అన్యాయమువలన ఊరు విడిచినవారికి మాత్రము ఊరు దొరకలేదు.

ఒకే నది పరీవాహకమున నిరాశ్రయులైన ఈ రెండు సమూహములయెడ చట్టము చూపు భేదమునకు మూలమెచ్చటనున్నదో వెదకినచో, ఆశ్చర్యకరముగా అదే 2005వ సంవత్సరము కనబడును. ఆ ఏటి డిసెంబరు నెలలోనే మన పార్లమెంటు విపత్తు నిర్వహణ చట్టమును చేసెను. దాని 12వ విభాగము శిబిరములలో ఆశ్రయము, ఆహారము, త్రాగునీరు, వైద్యము, పారిశుద్ధ్యము అనువానికి కనీస ప్రమాణములుండవలయునని నిర్దేశించుచున్నది. వితంతువులను, అనాథలను ప్రత్యేకముగా ఆదుకొనవలయునని చెప్పుచున్నది. ప్రాణనష్టమునకును గృహనష్టమునకును జీవనోపాధిని నిలుపుటకును ధనసహాయమును విధించుచున్నది. ఆ చట్టము విపత్తును నిర్వచించునప్పుడు ప్రకృతివలన కలుగువానితోపాటు మానవకృతములైనవానిని సైతము చేర్చినది. కాని ధనము వెచ్చించు ఘట్టమునకు వచ్చునప్పటికి, రాష్ట్ర విపత్తు సహాయ నిధినుండి సహాయము పొందదగినవిగా కేంద్రము ప్రకటించిన పన్నెండు విపత్తుల పట్టికలో తుపాను, కరవు, భూకంపము, అగ్నిప్రమాదము, వరద, సునామి, వడగండ్లు, తుదకు పురుగుల దాడియు, మంచు పెట్టుటయు ఉన్నవి. సాయుధ సంఘర్షణ లేదు. పంటకు పురుగు పట్టిన రైతు విపత్తు బాధితుడగుట సర్వథా సమంజసము. అయితే పంటయు ఇల్లును ఊరును ఒక్క రాత్రిలో తగులబడగా పారిపోయి వచ్చినవాడు బాధితుడు కాకపోవుటకు హేతువేమి?

భూమి విషయమున ఈ వైపరీత్యము మరింత తీవ్రమైనది. 2006వ సంవత్సరపు అటవీ హక్కుల చట్టము 2005 డిసెంబరు 13వ తేదీని గడువుగా నిర్ణయించి, ఆనాటికి అటవీ భూమి సాగులోనున్న ఆదివాసులకు హక్కునిచ్చినది. సల్వాజుడుం మంటలు చెలరేగినది ఆ గడువునకు ఆరు నెలల ముందు; వలసలు సాగినది ఆ తేదీకి అటు నిటు. కావున, ఏ కాలమున వీరు తమ పొలములను వదలి పరుగెత్తుచుండిరో ఆ కాలముననే మరియొకచోట కాలూని సాగుచేయుచుండవలయునని చట్టము వీరిని కోరినట్లైనది. అదే చట్టము మూడవ విభాగమున, ఆ తేదీకి పూర్వము అక్రమముగా వెడలగొట్టబడినవారికి ప్రత్యామ్నాయ భూమితో పునరావాసము పొందు హక్కును స్పష్టముగా ప్రసాదించినది. ఆ వాక్యమును ఆచరణలో పెట్టుటకు సంబంధిత రాష్ట్రముల అధికారులు ఒక బల్లయొద్ద కూర్చుండిన చాలును. ఇక షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రమునకొకటిగా ఉండుటచేత, ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసియైనవాడు సరిహద్దు దాటి వచ్చినంతమాత్రమున, భాషయు గోత్రమును వేల్పులును మారకపోయినను, ధ్రువపత్రము దొరకని అనామకుడగుచున్నాడు.

నిర్వాసితుని అవసరములనగానే మనకు అన్నము, వస్త్రము, కప్పు అను మూడే స్ఫురించుట పరిపాటి. వరద బాధితుల విషయమున చూచినను అవి ఆరంభము మాత్రమే. శిబిరములో మనిషికి దినమునకు కనీసము 15 లీటర్ల నీరును, తలకు మూడున్నర చదరపు మీటర్ల చోటును, ఇరువదిమందికి ఒక మరుగుదొడ్డియు ఉండవలయునని స్ఫియర్ ప్రమాణములు లోకమంతట సహాయకులకు మార్గదర్శకములై యున్నవి. వందలమంది ఒక బడిలో తలదాచుకొనినప్పుడు అచ్చటి రెండు మరుగుదొడ్లు ఏమి చాలును? చీకటి పడువరకు కడుపు బిగబట్టుకొని, అందుకై నీరు త్రాగుటయే మానుకొను స్త్రీల అవస్థ ఏ జాబితాకెక్కును? నెలసరి వచ్చిన బాలిక, నెలలు నిండిన గర్భిణి, మధుమేహమునకు మందు వాడుచున్న వృద్ధుడు, మంచమునుండి లేవలేని వికలాంగుడు, వీరందరికి పులిహోర పొట్లము ఒక్కటే ఔషధము కాజాలదు. గొడ్డును విడిచి రాలేక మునిగిపోవు ఇంటనే నిలిచిపోవు రైతుకు పశువుల శిబిరము అవసరము. నీటిపాలైన పట్టాదారు పుస్తకమునకును రేషను కార్డునకును బదులు శిబిరములోనే క్రొత్తది వ్రాసియిచ్చు గుమాస్తా అవసరము. వరద తీసిన తరువాత ఇంటిలో మోకాలిలోతు ఒండ్రు, బావిలో మురుగు, చేనిలో ఇసుకమేట మిగులును. శిబిరము మూసివేయు దినమునకు నిర్వాసితుని కష్టములలో సగమైనను గడువవు. సహాయము వరద కొలబద్దను చూచి ముగియరాదు. మనిషి తన కాళ్లపై నిలుచువరకు సాగవలయును.

ఇట్టి దీర్ఘదృష్టి మనకు సాధ్యము కానిది కాదు. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన పదివేలమందిని, గ్రామములకు గ్రామములను మ్రింగినది. ఆ దుఃఖమునుండి తెలుగునాడు నేర్చిన పాఠములవలన తీరము పొడుగునా తుపాను ఆశ్రయ భవనములు లేచినవి, హెచ్చరికల వ్యవస్థ మెరుగుపడినది, జనులను ముందుగా తరలించు అలవాటు ఏర్పడినది. 1990వ సంవత్సరము మే నెలలో అదే కోస్తాను మహోగ్రమైన తుపాను తాకినప్పుడు లక్షలాది ప్రజలు ముందుగనే సురక్షిత స్థలములకు చేర్చబడుటచే మరణములు వేయికి లోపలనే ఆగినవి. ప్రకృతి మెత్తబడలేదు, పరిపాలన మేల్కొన్నది. ఆ మేలుకొలుపు సముద్రతీరమున ఆగిపోక అడవిలోనికి సైతము రావలయునని కోరుట అత్యాశ కాదు.

అడవిలోని పరిస్థితి ఏమి? గొత్తికోయల గూడెములు పెక్కింటికి నేటికిని బాట లేదు, దీపము లేదు. ఎండకాలము వచ్చినచో వాగులోని ఇసుకను త్రవ్వి, చెలమలో ఊరు నీటిని దొప్పతో తోడుకొని, దానినే త్రాగి దానితోనే వండుకొందురు. మన్యపు మలేరియాకు మొదట బలియగువారు పసిపిల్లలు. పురిటినొప్పులు పడు స్త్రీని జెట్టీ (డోలీ) కట్టి మోసుకొని పోవలసిన దూరములు అక్కడ సామాన్యములు. మిరప తోటలలో కాయకోతకును, వేసవిలో తునికాకు సేకరణకును పోయి తెచ్చుకొను కూలియే వారి నగదు. ఆ కూలి ఎంతయని బేరమాడుటకు వారికి తెలుగు చాలదు. ఎగవేసినవానిపై ఫిర్యాదు చేయుటకు చిరునామా లేదు. బిడ్డ బడికి పోయినను, ఇంట కోయభాష వినినవానికి బడిలో తెలుగు పరభాషయై, అర్థము కాని చదువునందు రుచి పుట్టకమునుపే వాడు మేకలవెంట అడవికి మరలును. కొందరికి ఆధారు కార్డులును రేషను కార్డులును వచ్చినమాట వాస్తవమే. ఆశా కార్యకర్తలును అంగన్వాడి టీచర్లును వాగులు దాటిపోయి చేయుచున్న సేవ నమస్కరింపదగినదే. అయితే అది ఆయా వ్యక్తుల దయాగుణము. హక్కుగా రావలసినది దయగా వచ్చినప్పుడు, ఆ అధికారి బదిలీతో అదియు వెడలిపోవును.

ఇచ్చట అవతలి పక్షపు వాదమును నిజాయితీతో వినవలయును. అడవి తరిగిపోవుచున్నదని అటవీశాఖ ఆవేదన చెందుచున్నది. చెట్లను నరికి పోడు కొట్టుట తామరతంపరగా సాగినచో వాగుల ఊటలును వన్యప్రాణుల ఉనికియు నశించుననుట సత్యము. తరతరములుగా ఇచ్చటనే వసించుచున్న స్థానిక కోయలకు తమ భూమియు తమకు దక్కవలసిన సౌకర్యములును పంచుకొనవలసివచ్చునను భయము కలదు. ఆ భయము స్వార్థము కాదు, ఎన్నడును చాలినంత పొందని పేదవాని ముందుజాగ్రత్త. 2022వ సంవత్సరము నవంబరు నెలలో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా చండ్రుగొండ మండలమున విధి నిర్వహణలోనున్న అటవీ క్షేత్రాధికారి ఒకరు పోడు వివాదమున హత్యకు గురియైనారు. ఆ ఘాతుకమునకు సమర్థన లేదు, దోషులు శిక్షార్హులు. కాని కొందరి నేరమునకు ఒక జాతినంతటిని ఊరినుండి వెడలగొట్టవలయునను కేకలు ఆనాడు చెలరేగుట నాగరక సమాజమునకు తగినది కాదు. గుడిసెలను కూల్చి మొక్కలు నాటినంతమాత్రమున సమస్య తీరదు. కూల్చబడిన గుడిసెలోని కుటుంబము మరికొంత లోపలికి పోయి మరికొన్ని చెట్లను నరకును. కోల్పోయిన భూమికి బదులు స్థిరమైన భూమి చూపినప్పుడే పోడు ఆగును. అడవిని కాపాడదలచినవారు నిర్వాసితులకు పునరావాసము కోరువారిలో మొదటివారు కావలయును.

రాష్ట్ర సరిహద్దును దాటి వచ్చిన సంఘర్షణ బాధితులకు వచ్చినచోటనే నెలవు కల్పించిన దృష్టాంతము మనదేశముననే కలదు. 1997వ సంవత్సరమున జాతివైరమువలన మిజోరమునుండి త్రిపురకు పారిపోయి వచ్చిన బ్రూ తెగవారు ఇరువదిమూడేండ్లు శిబిరములలో మ్రగ్గిరి. తిరిగి పొమ్మని ఎన్ని పర్యాయములు ఒత్తిడి చేసినను, 2019లో శిబిరములకు రేషను నిలిపివేసినను, భయము తీరనివారు కదలలేదు. తుదకు 2020వ సంవత్సరము జనవరి 16వ తేదీన కేంద్రము, త్రిపుర, మిజోరము, బ్రూ ప్రతినిధులు ఒడంబడిక చేసికొనిరి. సుమారు 34,000 మందికి త్రిపురలోనే స్థిరనివాసము. కుటుంబమునకు 1,200 చదరపు అడుగుల స్థలము, ఇంటికై లక్షన్నర రూపాయలు, నాలుగు లక్షల స్థిర డిపాజిట్టు, రెండేండ్లపాటు నెలకు ఐదువేల రూపాయలును ఉచిత రేషనును. మొత్తము 600 కోట్ల వ్యయము. త్రిపురవంటి చిన్న రాష్ట్రమునకు సాధ్యమైనది గోదావరి తీరపు రాష్ట్రములకు అసాధ్యమనుట ఎట్లు? తెలుగువారికి ఈ అనుభవము సొంతయింటిది. 1942లో జపాను దండయాత్రకు భయపడి రంగూనునుండి కొండలు, అడవులు దాటి కాలినడకను స్వదేశము చేరిన లక్షలాది భారతీయులలో తెలుగువారు అసంఖ్యాకులు; 1960 దశకమున బర్మానుండి మరల వెడలిరావలసినవారికి ఇచ్చట ఇండ్లు, అప్పులు ఇచ్చి ప్రభుత్వము నిలిపెను. విశాఖపట్టణములోని బర్మా క్యాంపు పేరు ఆ చరిత్రకు సాక్షి.

కావలసినదేమో స్పష్టము. 1998వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితి ముందుంచిన అంతర్గత నిర్వాసితుల మార్గదర్శక సూత్రములు యుద్ధమునకును ప్రకృతి విపత్తునకును భేదము పాటింపక, ఊరు విడువవలసివచ్చిన ప్రతి మానవునికి ఆహారము, జలము, ఆశ్రయము, వైద్యము, బిడ్డలకు విద్య, గుర్తింపు పత్రములు హక్కులని చెప్పినవి. స్వగ్రామమునకు మరలుటయో వేరుచోట స్థిరపడుటయో నిర్ణయించు స్వేచ్ఛ నిర్వాసితునిదేయని చాటినవి. ఆఫ్రికా దేశములు 2009లో కంపాలా ఒడంబడికచే వానికి చట్టబద్ధత కల్పించుకొనినవి. మనదేశమున అట్టి చట్టము నేటికిని లేదు. 2023 మే నెలనుండి మణిపురమున సుమారు అరువదివేలమంది ఇండ్లు విడువవలసివచ్చినప్పుడు సైతము, శిబిరముల నిర్వహణ అప్పటికప్పటి ఉత్తరువులతోనే సాగినది. 2024వ సంవత్సరాంతమునకు ప్రపంచమున స్వదేశములోనే నిర్వాసితులైనవారు 8 కోట్ల 34 లక్షలు. వారిలో 7 కోట్ల 35 లక్షలమందిని ఇల్లు వెడలించినది సంఘర్షణయు హింసయు. ఇంతటి మానవ సమస్యను ఒక చట్టములో స్పష్టముగా పలుకుటకు పార్లమెంటు ఇంకను జాగుచేయరాదు.

చట్టము వచ్చువరకు ఆగవలసిన పనిలేనివి కొన్ని కలవు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములు కలిసి గూడెము గూడెమునకు పోయి ఉమ్మడి గణన జరుపవలయును. భూవివాదము తేలువరకు త్రాగునీరు, టీకా, రేషను, బడి అనువానిని ఆపరాదు; దోమతెరకును పట్టాకును సంబంధము లేదు. ప్రత్యామ్నాయము చూపక ఒక్క గుడిసెను కూల్చరాదు. కోయభాష తెలిసిన ఉపాధ్యాయులను, ఆరోగ్య కార్యకర్తలను నియమింపవలయును. వీరి స్వస్థలమైన బస్తరున తుపాకుల మ్రోత తగ్గుచున్నదను వార్తలు వచ్చుచున్న ఈ సమయమున, మరలిపోదలచినవారికి భద్రతయు భూమియు చూపి పంపుట ఎంత అవసరమో, ఇచ్చటనే ఉండదలచినవారిని శాంతి వచ్చినదను నెపముతో తరుమకుండుటయు అంతే అవసరము. 2006లో ఈ అడవులలో పుట్టిన శిశువు నేడు వోటు వయస్సు దాటినవాడు. వానికి బస్తరు తల్లి చెప్పిన ఊరిపేరు మాత్రమే, పుట్టినది పెరిగినది ఈ నేల.

2027 జనగణనకు దేశము సన్నద్ధమగుచున్నది. గణకుడు పక్కా బాట ముగిసినచోట ఆగక, వాగు దాటి, ఆ గూడెములలోని ప్రతి గుడిసెకు సంఖ్య వేసి, ప్రతి మనిషి పేరును వ్రాయునట్లు ఉభయ తెలుగు రాష్ట్ర ప్రభుత్వములు ఇప్పుడే ఉత్తరువులీయవలయును. అన్నము పెట్టుటకును ఔషధమిచ్చుటకును భూమి చూపుటకును తొలిమెట్టు, ఈ మనిషి ఇచ్చట ఉన్నాడని రాజ్యము ఒప్పుకొనుట. ఇరువది సంవత్సరములు ఆ మాట చెప్పకుండుటయే మనము వారికి చేసిన అపకారము. దానిని సరిదిద్దుటకు క్రొత్త నిధులును క్రొత్త చట్టములును వచ్చులోపల సైతము సంకల్పమొక్కటి చాలును.